లేని మొక్కు

జూన్ 9, సోమవారం

"ఇంట్లో ఎవరుండారమ్మా?" అని అడిగాడు డాక్టరు. ఉన్నారు అన్నాను. అబద్ధమేమీ కాదు. రెండు బల్లులున్నాయి, ఒక టీవీ ఉంది.

పావగడ బస్టాండు వెనక ఎముకల డాక్టరు. కుర్రవాడే. నా కుడిచెయ్యి పట్టుకొని పక్కకు ఎత్తబోతే నేను పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు. భుజం కీలు బిగుసుకుపోతోందట. సోలార్ పార్కులో పొడుగు పైపుకు బ్రష్షు తగిలించి రెండేళ్ళు ప్యానెళ్ళు తుడిచాను, అందుకే వచ్చిందా అని అడిగాను. "తుడవనోళ్ళకూ వస్తాదమ్మా. ఈ వయసు ఆడోళ్ళకు ఎక్కువ" అన్నాడు. షుగర్ ఉందా అన్నాడు, లేదు అన్నాను. కీలులోకి స్టిరాయిడ్ సూది వేశాడు. సూది చూడకూడదని గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

"ఈ సూది నొప్పిని తగ్గిస్తాది, అంతే. నొప్పి తగ్గినాక చెయ్యి కదపాల. ఇప్పుడు మీ అంతట మీరు ఎత్తలేరు. దినామూ ఒక మనిషి మోచెయ్యి పట్టుకోని నిదానంగా పైకి ఎత్తాల. ఇంట్లో మనిషిని పిలుచుకోని రాండి, ఎట్ల ఎత్తేదో నేర్పిస్తాను."

సరే సార్ అని వచ్చేశాను.

జూన్ 10

సూది వేసిన చోట నిప్పు పెట్టినట్టుంది. ఇది మందా, శిక్షా?

జూన్ 13, శుక్రవారం

నొప్పి పోయింది! ఆ పక్కకు ఒత్తిగిలి పడుకున్నా పోయింది. ఎన్ని నెలలైందో అలా పడుకొని. ఆ డాక్టరు చల్లగా ఉండాలి.

ఇక మందు నిలబెట్టుకోవాలి. చిన్నప్పుడు మా తమ్ముడు చింతచెట్టు మీంచి పడితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. కదిలిస్తే అతుక్కోదు అన్నారు. వాడు రాయిలా కూర్చున్నాడు, ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఎముకైనా కీలైనా ఒకటే కదా. లోపల పోసిన మందు చెయ్యి ఊపితే చెదిరిపోదా? పాత టవాలు మెడలో వేసుకొని, ఒక కొస పళ్ళతో పట్టుకొని ముడి వేశాను. చెయ్యి అందులో బుద్ధిగా పడుకుంది. వంకాయ మానేశాను, గుమ్మడికాయ మానేశాను, చల్లనివి మానేశాను. ఎవరూ చెప్పకుండానే పథ్యం పట్టాను.

డాక్టరు వేరేగా చెప్పాడు, నిజమే. ఆయనకు పుత్తూరు సంగతి తెలియదు. అయినా ఎవరిని పిలుచుకొని పోవాలి?

జూన్ 20

ప్యానెళ్ళు తుడిచే ఆడవాళ్ళ టెంపో మా వీధిలోంచే పోతుంది. ఈరోజు ఆపించి సూపర్‌వైజరు నందీశ్ దిగాడు.

"ఏంది గీతక్కా, ఎప్పుడొస్తావు? ఇంగొకామెను పెట్టుకోమంటాండారు పైనోళ్ళు."

"వచ్చే నెల వస్తానప్పా. నా చోటు ఉంచు."

టెంపోలోంచి అందరూ చేతులూపారు. నేను ఎడమచెయ్యి ఊపాను. అది పోయాక వీధి ఎంత ఖాళీగా ఉంటుందో అందులో కూర్చుని పోయేవాళ్ళకు తెలియదు. నాకూ అప్పుడు తెలియదు. మా చెనక్కాయ చేను ఉన్నన్నాళ్ళూ వాకిట్లో కాయలు ఒలిచేవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు చేను మీద సోలార్ అద్దాలు, వాకిట్లో నేను.

ఎదురింటి ఓబమ్మ గడప ముందు నీళ్ళు చల్లుతూ మా మాటలు విన్నది. నా వైపు చూసింది. నేను చూడలేదు.

ఒక్క మొగుడు, ఎదురెదురు ఇళ్ళు. నాకు పిల్లలు కాలేదని మా ఆయన చిక్కన్న ఈమెను చేసుకొచ్చి ఎదురుగా పెట్టాడు. ఆయన ఉన్నప్పుడు మా మధ్య మాటలన్నీ ఆయనే మోసేవాడు. విత్తనం కాయలు ఒలిచింది చాలని ఆమెకు చెప్పు. జల్లెడ పంపమని ఈమెకు చెప్పు. ఆయన పోయి మూడో ఏడు నడుస్తోంది. పోస్టుమాన్ లేని ఊరిలా ఉన్నాం. కొట్లాడుకోలేదు. కొట్లాడాలన్నా మాట్లాడాలి కదా.

ఆమె కూతురు చైత్ర పెళ్ళి చేసుకొని తుమకూరు పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లోనూ ఒక్కతే. అది నాకు అనవసరం.

ఈ పుస్తకం దాచే పని కూడా లేదు. కర్ణాటక పల్లె కదా, ఊరంతా పొద్దస్తమానం మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. పెనుకొండలో పది చదివి ఇక్కడికి కోడలిగా వచ్చింది నేనొక్కదాన్నే. నడివీధిలో తెరిచి పెట్టినా ఎవరూ చదవరు.

జూలై 6, ఆదివారం

కట్టు విప్పాను. నొప్పి లేదు. చెయ్యి లేవలేదు.

రొమ్ము ఎత్తు దాకా వచ్చి, లోపలినుంచి ఎవరో గొళ్ళెం పెట్టినట్టు ఆగిపోయింది. బలవంతం చేస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ కట్టులో ఉంది కాబట్టి బద్ధకించిందేమో, రెండు రోజుల్లో అదే తిరుగుతుంది అనుకున్నాను. తర్వాత తలంటుకున్నాను. అక్కడ తెలిసింది.

నా జుట్టు నడుము దాకా ఉంటుంది. యాభై దాటినా పలచబడలేదు. నాకున్న గర్వం అదొక్కటే. టవాలు కట్టుకున్నన్నాళ్ళూ వెనక్కి తోసి రబ్బరుబ్యాండు వేసి సరిపెట్టాను. ఈరోజు దువ్వెన ఎడమచేత్తో పట్టుకొని అద్దం ముందు కూర్చుంటే, ముడి వేయడానికి రెండో చెయ్యి రాదు. తల వంచి చూశాను. మంచం మీద వెల్లకిలా పడుకొని చూశాను. దువ్వెనను కిటికీ ఊచకు కట్టి తల దానికి రాయబోయాను. గేదె గోడకు రాసుకున్నట్టు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ముక్కు తుడుచుకోవడానికి కూడా ఎడమచెయ్యే.

జూలై 7

ఏమీ లేదు.

జూలై 15

జుట్టు చిక్కులు పడి పక్షిగూడులా అయింది. నెత్తిమీద కొంగు తీయడం లేదు. మూల అంగడి లక్ష్మక్క ఊరుకుంటుందా?

"ఏందక్కా, ఇంట్లో కూడా కొంగేసుకోని తిరగతాండావు?"

"గాలి పడడం ల్యా."

లక్ష్మక్కను అడిగితే దువ్వుతుంది. దువ్వుతూ దువ్వుతూ ఊరందరికీ చెబుతుంది, మొదట ఎదురింటికే చెబుతుంది. పాపం పెద్దామెకు జడ వేసేవాళ్ళు లేరంట అని ఓబమ్మ వినాలా? చస్తే వినకూడదు.

ఒక ఉపాయం తట్టింది. రాయడానికే సిగ్గుగా ఉంది. రాయను.

జూలై 19, శనివారం

కదిరి పోయి నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చాను.

మంగలాయన నీళ్ళు చల్లుతూ, "ఏం మొక్కు తల్లీ? ఇంత జుట్టు!" అన్నాడు. చెప్పకూడదులే అన్నాను. జుట్టంతా ముందు పడింది. నాదేనా అనిపించింది.

గుళ్ళో స్వామి ముందు నిలబడి నిజం చెప్పాను. స్వామీ, నేను నిన్ను ఏమీ అడగలేదు, నువ్వు నాకు ఏమీ చేయలేదు, మన మధ్య మొక్కు లేదు. దువ్వేవాళ్ళు లేక తెచ్చి నీకిచ్చాను. కోపం పెట్టుకోకు. చెయ్యి బాగు చెయ్యమని అప్పుడైనా అడగాల్సింది. మర్చిపోయాను.

తిరుగు బస్సులో నున్నటి నెత్తికి గాలి తగిలితే ఆపుకోలేక ఏడ్చాను. పక్కనున్నామె భక్తి అనుకొని తనూ దండం పెట్టుకుంది.

జూలై 20

ప్రసాదానికని ఆడవాళ్ళంతా వచ్చారు. నేను నోరు తెరవక్కర్లేకపోయింది, మొక్కు వాళ్ళే కనిపెట్టారు. చిక్కన్న ఆత్మ శాంతికి అని ఒకామె. పార్కులో పని పర్మనెంట్ కావాలని ఇంకొకామె. "ఎంత పెద్ద మొక్కో, నోరిప్పి చెప్పదు చూడు" అని లక్ష్మక్క నా కాళ్ళకు మొక్కబోయింది. తిట్టి లేపాను.

ఇల్లంతా మనుషులు. ఎన్నాళ్ళకో. ఎడమచేత్తోనే అందరికీ కాఫీ పెట్టి ఇచ్చాను. వాళ్ళు పోయాక గ్లాసులు సాయంత్రం దాకా కడగబుద్ధి కాలేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో వాళ్ళ గ్లాసు అక్కడే ఉంది.

ఓబమ్మ రాలేదు. తన గడపలోంచి నా గుండు చూసి లోపలికి పోయింది.

జూలై 23

ఓబమ్మ వచ్చింది. ఆయన దినాలు జరిగాక ఈ గడప తొక్కడం ఇదే. కూర్చోమని అనలేదు. ఆమె నిలబడే అడిగింది.

"ఏం మొక్కక్కా?"

"నీకెందుకు?"

"మొక్కూ ల్యా, ఏమీ ల్యా. నెలదినాల నుంచి చూస్తాండా. చీపురు ఎడమచేత్తో, బిందె ఎడమచేత్తో. కుడిచెయ్యి పైకి రాదు నీకు. జడేసుకోలేక గుండు కొట్టించుకోని వచ్చినావు."

నేను అన్నవన్నీ రాయను. నిన్నెవరు కాపలా పెట్టారే అన్నాను. బిడ్డలు లేనిదాని బతుకు చూసి నవ్వడానికి వచ్చావా అన్నాను. ముప్పై ఏళ్ళుగా అనాలనుకున్నవి కొన్ని, ఆమెకు సంబంధమే లేనివి కొన్ని. ఓబమ్మ అంతా విని, పోతూ గడప దగ్గర ఆగింది.

"మా ఇంట్లో దువ్వెన లేకపాయనా అక్కా?"

జూలై 24

ఎదురింటి తలుపు మూసి ఉంది.

జూలై 25

మూసే ఉంది.

జూలై 28

తెరిచింది. చైత్రను చూడడానికి తుమకూరు పోయొచ్చిందట, లక్ష్మక్క చెప్పింది. నేను అడగలేదు. అంగట్లో ఉప్పు కొనడానికి పోతే తనే చెప్పింది. ఇంట్లో రెండు ప్యాకెట్ల ఉప్పు ఉంది.

ఆగస్టు 2

టెంపోలో నా చోట ఎవరో కొత్తామె. నందీశ్ తల తిప్పుకున్నాడు. వాడి తప్పేముంది.

ఆగస్టు 11, సోమవారం

డాక్టరు నా గుండు చూశాడు, చెయ్యి చూశాడు, టవాలు సంగతి విన్నాడు, తల పట్టుకున్నాడు.

"కట్టిపెట్టినారా? ఎముక ఇరిగితే కట్టాలమ్మా! బిగుసుకుపోయే కీలును కడితే ఇంగా బిగుసుకుంటాది. నొప్పి లేకుండా కదుపుకోండని కదా సూది ఏసింది!"

అంటే నొప్పి లేని ఆ రోజులన్నీ చెయ్యి ఎత్తుకోవడానికి ఇచ్చినవి. నేను వాటిని టవాల్లో మూటగట్టి మెడకు వేలాడదీసుకున్నాను. పథ్యం కూడా పట్టాను, ఆహా.

ఇంకొకటి వేయండి సార్ అన్నాను.

"మాటిమాటికీ ఏసే సూది కాదిది. ఇంగొకసారి ఏస్తాను, అదీ ఇంట్లో మనిషి నా ముందర నిలబడి నేర్చుకుంటేనే. గురువారం రాండి. మనిషి లేకపోతే సూదీ లేదు. ఇట్లే వదిలేస్తే ఆ చెయ్యి ఏండ్లు పడతాది."

నాకెవరూ లేరు సార్ అనబోయాను. అనకుండా చీటీ తీసుకొని లేచాను. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు, ఇక్కడ కూడా రాయలేదు. ఇప్పుడు రాశాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు. పోతే చెప్పులు విప్పుతాను, విప్పితే మళ్ళీ బయటికి రాను. నేరుగా ఎదురింటికి పోయాను. ఓబమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"గురువారం పావగడ ఆసుపత్రికి పోవాల" అన్నాను. "మనిషి కావాలంట."

చాట ఆగింది.

"ఏం బస్సుకు?"

"పది గంటల బస్సుకు."

"సరే."

క్షమాపణ చెప్పాలని అనుకుంటూనే పోయాను. చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆగస్టు 14

"ఈయమ్మ మీకేమవుతాది?" అని డాక్టరు.

నేను మాట వెతుక్కునేలోగా ఓబమ్మే చెప్పేసింది. "మా ఇద్దరికీ మొగుడు ఒగడే సార్. ఆయప్ప పోయినాడు, మేము మిగిలినాము."

డాక్టరు సూది పట్టుకొని అలాగే నిలబడ్డాడు. తర్వాత "మంచిదే" అన్నాడు. ఏం మంచిదో ఆయనకే తెలియాలి.

సూది వేసి, ఎలా ఎత్తాలో చూపించాడు. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి మోచేతి కింద. ఆగినచోట ఆగాలి, ఇంకొంచెం ఎత్తాలి, ఏడ్చినా వదలకూడదు. ఓబమ్మ మూడుసార్లు చేసి చూపించింది. దాని చేతులు ఎంత గట్టివో. ఎదురెదురు ఇళ్ళలో ఇన్నేళ్ళు ఉన్నాం, ఆ చెయ్యి ఎప్పుడూ నాకు తగిలిన గుర్తు లేదు.

ఆగస్టు 18

ఈరోజు మొదలు. పొద్దున డైరీలో పాలు పోసి ఓబమ్మ వచ్చింది.

"ఇడిసిపెట్టవే!"

"ఇడిసేది ల్యా. సారు ఇడవొద్దన్నాడు."

"సారును తగలెయ్య, ఇడువ్!"

"తగలేద్దువు గానీ, ముందు చెయ్యి రానీ."

నా అరుపులకు సవతులిద్దరూ కొట్టుకుంటున్నారని లక్ష్మక్క చాట పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. ఓబమ్మ నా చెయ్యి పట్టుకునే చెప్పింది, "కొట్టేది అయినాక పిలుస్తాం పోక్కా." నాకు నవ్వొచ్చింది. నవ్వుతున్నప్పుడు చెయ్యి ఇంకొంచెం లేచింది, అది చూసి ఇంకా పైకి లాగింది, దొంగముండ.

సెప్టెంబర్ 3

రోజూ వస్తోంది. రోజూ ఏడిపిస్తోంది. పొద్దున లేవగానే వీధి తలుపు తెరిచి పెడుతున్నాను. గాలి కోసం.

సెప్టెంబర్ 21, పెద్దల అమావాస్య

ఆయనకు ఈసారి రెండిళ్ళలో కాకుండా ఒక్కచోటే ఆకు వేసి, వండినవి వడ్డించి ఎడ పెట్టాం. మా ఇంట్లో. ఫోటోకు దండ వేయడానికి చెయ్యి చాలలేదు, ఓబమ్మ మోచెయ్యి కింద పట్టి లేపింది, వేశాను. వడలు కాలుస్తూ అన్నది.

"నేను ఈ గడప తొక్కితే నువ్వు ఇల్లు కడుక్కుంటావంట కదా. ఆయప్ప చెప్పినాడు. అందుకే రాలే."

"నేనెప్పుడన్నాను? నా చేతి నీళ్ళు కూడా తాగనని నువ్వే అన్నావంట. నాకు చెప్పినాడు."

"నేనా?"

ఇద్దరం ఫోటో వైపు తిరిగాం. ఒకళ్ళ ఇంట్లో తిన్నది ఇంకొకళ్ళ ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికి, రెండిళ్ళలోనూ తన మాటే చెల్లడానికి, మనిషి ఎంత పని చేశాడు! పోయినవాళ్ళను ఈరోజు తిట్టకూడదు. తిట్టాను. నా ముప్పై ఏళ్ళు తెచ్చివ్వు అని అరిచాను. ఓబమ్మ ఏడ్చింది. తర్వాత ఆకులో వడ వేయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చిన్నది చూసి వేసింది.

అక్టోబర్ 9

నెత్తిమీద వెంట్రుకలు వేలెడంత పెరిగాయి. చెయ్యి చెవిదాకా వస్తోంది. చెయ్యి ఎత్తడం కాసేపే. తర్వాత ఓబమ్మ టిఫిను తిని, సీరియల్ చూసి, ఎండ తగ్గాక పోతుంది.

నవంబర్ 10, సోమవారం

పావగడ పోయాం. ఓబమ్మ ఆకువక్క కొనడానికి బయట ఆగింది, నేనొక్కదాన్నే లోపలికి పోయాను.

డాక్టరు నా చెయ్యి అన్ని వైపులకూ తిప్పి చూసి మురిసిపోయాడు. "శానా బాగైందమ్మా! ఇంగ ఎవరూ పట్టుకునే పని ల్యా. గోడకు వేళ్ళు ఆనించి మీ అంతట మీరే చేసుకోండి. నా దగ్గరికి కూడా రావొద్దు."

సంతోషపడాలి. ఇంగొకసారి చూడండి సార్, లోపల ఎక్కడో పట్టుకుంటోంది అన్నాను. ఏం లేదు, పోండి అన్నాడు.

బస్సులో ఓబమ్మ అడిగింది.

"ఏమన్నాడు?"

"ఇంగా కొన్నాళ్ళు చెయ్యాలంట."

"అట్లనా" అని కిటికీ వైపు తిరిగింది.

నవంబర్ 14

పొద్దున అటక మీది బెల్లం డబ్బా దించాను. కుడిచేత్తో. ఎవరూ లేరు కదా అని రెండుసార్లు పెట్టి, రెండుసార్లు దించాను.

ఓబమ్మ వచ్చాక చెయ్యి భుజం ఎత్తుకు రాగానే అబ్బా అన్నాను. ఆగిపోయింది.

ఇది ఎన్నాళ్ళు?

నవంబర్ 20

అబ్బా అనడం కూడా ఒక పనే. ఎక్కడ అన్నానో మర్చిపోకూడదు. నిన్న చెవి దగ్గర అన్నాను, ఈరోజు భుజం దగ్గరే అనేశాను. "తగ్గిపోయిందే మళ్ళా" అంది ఓబమ్మ. చలికి అన్నాను.

డిసెంబర్ 2, మంగళవారం

తెల్లారే బట్టలు ఉతికి చీర ఆరేశాను. వాకిట్లో తీగ ఎత్తుగా ఉంటుంది, మా ఆయన తన ఎత్తుకు కట్టాడు. మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ చాపి, కొస నుంచి కొసకు సాపుగా ఆరేశాను. ఎంత హాయిగా ఉందో. ఆ హాయిలో టైము మర్చిపోయాను.

ఓబమ్మ ఎప్పుడు వచ్చిందో, వాకిట్లో నిలబడి ఉంది. చీర వైపు చూసింది. తీగ మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరని దానికి తెలుసు. ఆ తీగ ఎత్తు దానికి తెలుసు. ఇంత సిగ్గు కదిరిలో కూడా పడలేదు.

ఓబమ్మ లోపలికి వచ్చి నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి మోచేతి కింద. ఎత్తింది. భుజం ఎత్తుకు వచ్చాక తనే ఆపింది.

"ఈడికేనా అక్కా?"

"ఈడికే."

"పోనీలే. నిదానంగానే రానీ. తొందరేముండాది మనకు."

ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుందేమో అన్నాను. పడుతుంది అంది.